కొబ్బరి ఒడ్డు చెట్టే కదా, మరి ఎందుకు మోడవుతోంది?

ప్రశ్న: అమ్మా, నమస్కారమండి. మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. రెండెకరాల కొబ్బరి ఉంది. నాలుగేళ్లుగా దింపు తగ్గిపోతోంది. డ్రెయిన్ (మురుగునీటి కాలువ) పక్క వరసల్లో చెట్లు మొవ్వు ఎండి మోడులవుతున్నాయి. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. కొందరు వాతావరణ మార్పు అంటున్నారు, కొందరు రొయ్యల చెరువుల వల్లే అంటున్నారు. మా నాన్నగారేమో కొబ్బరి ఒడ్డు చెట్టేగా, దాన్ని ఉప్పేం చేస్తుంది అంటారు. ఎవరి మాట నిజమండి?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారి మాటలో చాలా నిజం ఉంది. కొబ్బరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. అయితే వేళ్ల దగ్గర నీరు కదులుతూ ఉండాలి. ఒడ్డున ఇసుకలో సముద్రం పోటుకు ఎక్కిన నీరు పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, లాగేస్తుంది, వాన మిగిలిన ఉప్పును కడిగేస్తుంది. మీ డ్రెయిన్ పక్కన ఉప్పునీరు చేరి నిలబడిపోతే మాత్రం వేరుకు గాలి ఆడక కుళ్లిపోతుంది. ఆ తర్వాత ఎంత ఎరువు వేసినా అందుకునే వేరుండదు.

బోరు సంగతి వేరు. ఇసుక పొరల్లో మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. తోడి తోడి ఆ పైనున్న అడుగును పోగొట్టుకున్నామా, కిందనుంచి ఉప్పు మెల్లగా అంత ఎత్తూ ఎగబాకుతుంది. మా పుట్టింట్లో నేను చూశాను. పప్పు ఎంతసేపటికీ ఉడకడం లేదని మా అమ్మ కొట్టువాడితో పోట్లాడేది. చెంబు లోపల తెల్లటి చార కట్టాక గానీ తెలియలేదు, తేడా పప్పులో కాదు, మా బావి నీళ్లలో అని.

ఇక వాతావరణ మార్పు. అది ఉత్త మాట కాదు. భూమి వేడెక్కి మంచు కరుగుతోంది, వేడికి సముద్రపు నీరు కూడా వ్యాకోచిస్తోంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇప్పుడు ఏడాదికి దాదాపు 4 మిల్లీమీటర్లు. బియ్యపు గింజంత కూడా లేదే అనిపిస్తుంది. కానీ మన నేల పళ్లెంలా చదును. డ్రెయిన్‌లో నీరు సముద్రంలోకి పోయేది పాటు వేళే, సముద్రం పెరిగేకొద్దీ ఆ కాస్త వ్యవధీ తగ్గిపోతుంది. దానికి తోడు డెల్టా నేల సహజంగానే కుంగుతుంది. ఆ కుంగిన మేర గోదావరి తెచ్చే ఒండ్రు నింపేది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనక ఇప్పుడు చాలా ఒండ్రు ఆగిపోతోంది. ఇందులో మీ తప్పు ఇసుమంతైనా లేదు. నాకు బాధ కలిగించేది అదే.

చెరువుల మాటా కొట్టిపారేయలేను. ఉప్పునీటి చెరువు గట్టు కింద నుంచి ఊట పక్క తోటలోకి దిగుతుంది. ఆ చెరువులు వేసినవాళ్లూ మనవాళ్లే, వాళ్ల అప్పులూ నాకు తెలుసు, అయినా ఉన్నమాట చెప్పాలి.

మీ తోటలో ఏ కారణం ఎంతో ఊహించకండి. డ్రెయిన్, బోరు, చెరువు గట్టు పక్క గుంట, మూడు చోట్లా సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌లో ఈసీ, అంటే నీటిలో ఉప్పెంతుందో చెప్పే అంకె, చూపించండి. ఎండాకాలంలో ఒకసారి, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి వానలు పడ్డాక ఒకసారి. డ్రెయిన్‌లో అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఉప్పు పెరుగుతుంటే దారి సముద్రానిది. ఏడాది పొడవునా గట్టు పక్కే ఎక్కువుంటే చెరువుది. ఎండల్లో బోరులోనే పెరుగుతుంటే తోడటం తగ్గించాలి. ఉప్పు తగిలిందని బోరును ఇంకా లోతుకు దింపకండి, చాలామంది చేసే పొరపాటు అదే.

కాలువ నీళ్లు దొరికినన్నాళ్లూ తోటలో పెట్టి, వరసల మధ్య బోదెలు, అంటే చిన్న కాలువలు, తీసి, ఆ నీరు బయటకు పోయేలా చూడండి. వాన కాక, ఉప్పు కడగడానికి మన చేతిలో ఉన్నది అదే. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర పూడిక తీయడం, పోటు నీరు లోపలికి రాకుండా ఆపే స్లూయిస్ తలుపులు బాగుచేయడం ఒక్క రైతు వల్ల అయ్యే పనులు కావు. చుట్టుపక్కల రైతులంతా ఆ సీసాల అంకెలు పట్టుకుని కలిసి వెళ్లి అడగండి. మోడులున్న వరసలో ఈ ఏడాది కొత్త మొక్కలు నాటకండి. రెండో విడత పరీక్ష అయ్యాక అంకెలు నాకు రాయండి, ఏ వరస దాకా నాటొచ్చో అప్పుడు చూద్దాం.