మిష్నా, తాల్ముద్‌లలోని అరుదైన హీబ్రూ మాటల మూలాలు ఎలా వెతకాలి?

యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోనో, దానిపై చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోనో ఎక్కడో ఒకటి రెండు చోట్ల మాత్రమే కనిపించే మాటకు ఒక్కో నిఘంటువు ఒక్కో మూలం చెబుతుంటే దేన్ని నమ్మాలని మీరు అడిగారు. కొన్నేళ్లుగా మిష్నా చదువుతున్నవాడిగా చెబుతున్నాను: నిఘంటువు కంటే ముందు పాత రాతప్రతులు చూడండి.

దారిదోపిడీ దొంగను అచ్చుప్రతులు 'లిస్తీమ్' అంటాయి. చివరి 'ఈమ్' హీబ్రూలో బహువచనం, వాక్యంలో దొంగేమో ఒక్కడే. అసలు మాట 'లిస్తీస్', గ్రీకు 'లేస్తేస్'. సమెఖ్ అక్షరం గుండ్రం, పదాంతంలో వచ్చే మేమ్ చదరం. రెండూ మూసిన పెట్టెల్లా ఉంటాయి కాబట్టి లేఖకులు ఒకదాన్ని మరొకటిగా రాశారు. బుడాపెస్ట్‌లోని కౌఫ్‌మన్ మిష్నా ప్రతిలో అచ్చుల (స్వరాల) గుర్తులు కూడా ఉన్నాయి. దాని చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను మొదట తెరిచేది అదే.

ఇక నిఘంటువులు. 1903లో పూర్తయిన జాస్ట్రో నిఘంటువు రోజువారీ చదువుకు చాలా మంచిది, కానీ గ్రీకు మాటలకు కూడా సెమిటిక్ (హీబ్రూ, అరామిక్‌ల కుటుంబపు) ధాతువులు చూపాలని తాపత్రయపడుతుంది. క్రౌస్ నిఘంటువు (1898–99) అందుకు పూర్తిగా వ్యతిరేకం, క్రౌస్‌కు ఎటు చూసినా గ్రీకే. అందులోనే ఇమ్మానుయేల్ ల్యోవ్ రాసిన దిద్దుబాట్లను తప్పక చదవండి.

నాకు ఎంతో ఇష్టమైన ఆధారం బాబిలోనియా తాల్ముద్‌లోనే, రోష్ హషానా అనే భాగం 26బి పుటలో ఉంది. మిష్నాలోని కొన్ని మాటలు రబ్బీలకే (యూదు పండితులకే) అర్థం కాలేదు. మిష్నాను కూర్చిన రబ్బీ యూదా హనాసీ ఇంటి పనిమనిషి, పండితులు కొందరు కొందరుగా లోపలికి రావడం చూసి, "ఎంతసేపని ఇలా సేరుగీన్ సేరుగీన్‌గా వస్తారు?" అంది. 'సేరుగీన్' అంటే 'విడతలుగా' అని వారికప్పుడు తెలిసింది. గంగవాయిలి కూర చల్లుకుంటూ పోతున్న ఒకతన్ని ఆమె మందలించినప్పుడు 'హలగ్లోగోత్' ఏ కూరో తెలిసింది. యెషయా గ్రంథంలోని చీపురు మాట కూడా, ఇల్లు ఊడ్వమని ఆమె తోటి పనిమనిషికి చెబుతుంటే విని నేర్చుకున్నదే. ఇళ్లలో హీబ్రూ ఇంకా బతికే ఉందనడానికి పండితులు ఈ కథను సాక్ష్యంగా చూపుతారు. అందుకే ప్రతి వింత మాటనూ పరాయిదనుకోకూడదు.

అలాగని ఇంటి మాటలా కనిపించేదంతా ఇంటిదీ కాదు. విడాకుల పత్రానికి వాడే 'గేట్' చూడటానికి అచ్చ హీబ్రూలా ఉంటుంది. అది సుమేరియన్‌లో పుట్టి, అక్కాదియన్, అరామిక్‌ల మీదుగా వచ్చింది. మీకు చిక్కిన మాట ఏ గ్రంథంలో, ఏ అధ్యాయంలో ఉందో రాస్తే రాతప్రతుల్లో చూసి చెబుతాను.