క్యారీ (1976): ఆ రాత్రి నిజంగా ఎంతమంది నవ్వారు?

మీరు మూడు విషయాలు అడిగారు. 1976లో వచ్చిన ‘క్యారీ’ని కొందరు ఆకాశానికి ఎత్తుతుంటే మరికొందరు మొదటి గంట సాగదీత అని ఎందుకు తీసిపారేస్తారు, బడిలో అవమానపడిన అమ్మాయి పగ తీర్చుకోవడమే కథ అయినప్పుడు అందులో అంతగా చర్చించడానికి ఏముంది, ఇప్పుడు చూస్తే భయం వేస్తుందా. పాతికేళ్ల వ్యవధిలో ఈ సినిమాను నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నా అభిప్రాయం ఒక్కలా లేదు. కథ మొత్తం చెప్పకుండా ఈ తేడాల గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి, ముందు సినిమా చూడాలనుకునేవారు ఇక్కడే ఆగి, చూసిన తర్వాత మిగతాది చదవడం మంచిది.

స్టీఫెన్ కింగ్ రాసిన మొదటి నవల 1974లో అచ్చయితే, రెండేళ్లకే దర్శకుడు బ్రయాన్ డి పాల్మా దాన్ని తెరకెక్కించాడు. సుమారు 18 లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమా హాలీవుడ్ లెక్కల్లో ఆ రోజుల్లో కూడా చిన్నదే. అమెరికాలోనే అది 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. క్యారీగా నటించిన సిస్సీ స్పేసెక్, ఆమె తల్లిగా నటించిన పైపర్ లారీ ఇద్దరూ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. భయపెట్టే సినిమాలను ఆ అకాడమీ ఎంత దూరంగా పెడుతుందో తెలిసినవారికి ఇది మామూలు సంగతి కాదని అర్థమవుతుంది.

మొదటిసారి నేను దీన్ని 1999లో, హైదరాబాదులో పీజీ చదువుతున్నప్పుడు, హాస్టల్ గదిలో ఒకే ఒక్క కంప్యూటర్ ముందు ఎనిమిది మందిమి మంచాల మీదా నేల మీదా సర్దుకుని, అద్దెకు తెచ్చిన వీసీడీలో చూశాను. దెయ్యం సినిమా అనుకుని లైట్లు ఆర్పేసి కూర్చున్నాం. అయితే మొదటి పది నిమిషాల్లోనే గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆటల పీరియడ్ అయ్యాక స్నానాల గదిలో క్యారీకి మొదటిసారి నెలసరి వస్తుంది, అది ఏమిటో ఎవరూ చెప్పకపోవడం వల్ల తాను చనిపోతున్నానని భయపడి సాయం కోసం అరుస్తుంది, తోటి అమ్మాయిలు ఆమె చుట్టూ చేరి ప్యాడ్లు విసురుతూ గోల చేస్తారు. ఇంటికి వెళితే తల్లి అది పాపానికి గుర్తు అని చెప్పి, చీకటి కొట్టులాంటి ఒక అరలోకి తోసి ప్రార్థించమంటుంది.

మాలో చాలామందిమి పెద్దమనిషి అయినప్పుడు తాటాకు చాప మీద కూర్చున్నవాళ్లం, చిమ్మిలి ఉండలు తిన్నవాళ్లం, పేరంటాళ్లు వచ్చి అక్షింతలు వేసి వెళ్తుంటే సిగ్గుతో తల వంచుకున్నవాళ్లం. మా సీనియర్ అక్క ఒకరు చీకట్లో నెమ్మదిగా, ‘మనకేమో ఊరంతా తెలిసిపోయింది, ఈ పిల్లకేమో అసలు చెప్పేవాళ్లే లేరు’ అన్నారు. ఈ సినిమా గురించి ఆ తర్వాత నేను చదివిన ఏ సమీక్షా నా మనసులో అంతగా నాటుకోలేదు. మగ ప్రేక్షకులు రాసిన అభిప్రాయాల్లో ఈ ఘట్టం తరచుగా ‘కథకు నాంది’గా ఒక వాక్యంలో దాటిపోతుంది. మాకు మాత్రం ఆ పూట భయమంతా అక్కడే ఉంది.

అదే ఘట్టం మీద ఒక న్యాయమైన అభ్యంతరం కూడా ఉంది. ఆ అవమానానికి ముందు కెమెరా ఆ గదిలో నెమ్మదిగా, మెత్తని సంగీతంతో తిరిగే తీరు అనవసరమని, అది అమ్మాయిల చూపు కాదని చాలామంది స్త్రీలు అంటారు. రెండోసారి చూసినప్పుడు నాకు కూడా అలాగే అనిపించింది. ఆ మెత్తదనాన్ని హఠాత్తుగా భయంగా మార్చడానికే అలా తీశాడని సమర్థించేవారు ఉన్నారు కానీ, ఆ ఫలితాన్ని సాధించడానికి అంత సేపు చూపించాల్సిన పని లేదు.

ఇక సాగదీత సంగతి. మొదటి గంటలో ఏమీ జరగదనేవారు చావుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవారై ఉంటారని నా అనుమానం. ప్రిన్సిపల్ ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, సరిదిద్దినా వినకుండా, తప్పు పేరుతో పిలుస్తూనే ఉంటాడు. తరగతిలో తోటి విద్యార్థి టామీ రాసిన కవిత బాగుందని ఆమె గొంతు పెగల్చుకుని ఒక్క మాట అంటే, ఆ మాటను పట్టుకుని పాఠం చెప్పే మాస్టారే ఎగతాళి చేస్తాడు. ఇవి చప్పుడు చేయని సంఘటనలు. పదేళ్లు బడిలో చదువుకున్న ఎవరికైనా ఇలాంటివి ఎంత లోతుగా దిగుతాయో తెలుసు. మరి లోపాలు లేవా అంటే ఉన్నాయి. అబ్బాయిలు పార్టీ బట్టలు ఎంచుకునే చోట దర్శకుడు బొమ్మను వేగంగా తిప్పి, గొంతులు కీచుమనేలా చేసిన హాస్యం ఆనాడూ అతకలేదు, ఈనాడూ అతకదు. పాత్రధారులు బడి పిల్లల్లా లేరన్న ఫిర్యాదు కూడా నిజమే. స్పేసెక్‌కు అప్పటికి 26 ఏళ్లు, కానీ ఆమె భుజాలు ముడుచుకుని, పుస్తకాలను గుండెకు హత్తుకుని గోడ పక్కనే నడిచే తీరు చూశాక ఆ వయసు నాకు గుర్తుకు రాలేదు.

అభిప్రాయాలు అసలు చీలేది ప్రామ్ రాత్రి దగ్గర. ప్రామ్ అంటే హైస్కూలు వదిలి వెళ్లే ముందు పిల్లలు జరుపుకునే విందు, నృత్యం. స్నానాల గదిలో తానూ గోల చేసినందుకు పశ్చాత్తాపపడిన స్యూ, తన స్నేహితుడు టామీని బతిమాలి క్యారీని ఆ విందుకు తీసుకువెళ్లమంటుంది. శిక్ష పడినందుకు కక్ష పెట్టుకున్న క్రిస్ మాత్రం వేదికపైన దూలం మీద పంది రక్తంతో నింపిన బకెట్ పెట్టి, దాన్ని కిందికి కుమ్మరించడానికి ఒక తాడు కట్టి, ఓట్లు తారుమారు చేయించి, క్యారీ ఆ రాత్రి రాణిగా ఎన్నికై సరిగ్గా దాని కిందికి వచ్చేలా చూస్తుంది. నృత్యం చేసే ఇద్దరినీ ఒక తిరిగే పీట మీద నిలబెట్టి, కెమెరాను దానికి ఎదురు దిశలో తిప్పి తీశారు. వెనకాల లోకమంతా గిర్రున తిరుగుతూ ఉంటే వాళ్లిద్దరూ ఒక్కచోటే ఉన్నట్టుంటుంది. మూడోసారి చూసినప్పుడు, జరగబోయేది తెలిసి కూడా, ఈసారి ఆ తాడు తెగిపోతే బాగుండునని అనుకున్నాను.

ఆ తాడును ముందుగా చూసింది స్యూ. ఆమె దాని వెంట పరుగెత్తి, వేదిక కింద దాక్కున్న వాళ్లను పట్టుకోబోతుంటే, వ్యాయామం నేర్పే మిస్ కాలిన్స్ అడ్డుపడుతుంది. క్యారీని మొదటినుంచీ వెనకేసుకొచ్చిన టీచర్ ఆమె. స్యూ ఏదో అల్లరి చేయడానికే వచ్చిందని నమ్మి, మాట వినిపించుకోకుండా ఆమెను బయటికి గెంటి తలుపు వేసేస్తుంది. క్యారీ మంచి కోరినవారిలో ఒకరు, మంచి కోరిన మరొకరిని, మంచి కోసమే ఆపేశారు. బకెట్ పడిన తర్వాత హాలంతా ఒక్క క్షణం కొయ్యబారిపోతుంది. ఒకరిద్దరు నవ్వుతారు. అప్పుడు క్యారీ కళ్లలోంచి, గాజు ముక్కల్లోంచి చూసినట్టు, ముఖాలన్నీ పగిలి తిరుగుతూ అందరూ విరగబడి నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. ఆ నవ్వేవాళ్లలో మిస్ కాలిన్స్ కూడా ఉంటుంది. వెనకనుంచి తల్లి చేసిన హెచ్చరిక, అందరూ నిన్ను చూసి నవ్వుతారన్నది, మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. చేత్తో తాకకుండా మనసుతోనే వస్తువులను కదిలించే శక్తి క్యారీకి ఉంది, ఇప్పుడు దాన్ని ఆ హాలులోని వాళ్లందరి మీదా ప్రయోగిస్తుంది. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. ఆ టీచర్ కూడా ఆ హాలులోనే చనిపోతుంది.

నేను దీన్ని పగ సినిమా అనడానికి వెనకాడేది ఇందుకే. పగ తీర్చుకునేవారికి ఎవరు ఏం చేశారో స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇక్కడ స్యూ మనసు టీచర్‌కు తెలియదు, టీచర్ ముఖంలో ఉన్నది ఏమిటో క్యారీకి కనబడదు, బకెట్ పెట్టిన క్రిస్ ఆ సమయానికి ఆ హాలులోనే లేదు. కథను తిప్పేది పగ కంటే అపార్థం. ‘తగిన శాస్తి జరిగింది’ అని చప్పట్లు కొట్టే ప్రేక్షకులు ఆ టీచర్ చావును దాటవేస్తారు. ‘అంతమందిని చంపడం అన్యాయం’ అని క్యారీని తప్పుపట్టేవారు ఆమె కళ్లకు కనబడిన దృశ్యాన్ని దాటవేస్తారు. నవలలో ఆ టీచర్ బతికి బయటపడుతుంది. అంతేకాదు, నవలలో జనం నిజంగానే నవ్వుతారు, బతికిన ఒక అమ్మాయి తాము ఎందుకు నవ్వామో తర్వాత చెప్పుకుంటుంది కూడా. 2013లో కింబర్లీ పియర్స్ మళ్లీ తీసిన సినిమాలో క్యారీయే ఆ టీచర్‌ను కాపాడుతుంది. అది చూసిన రోజు నాకు హాయిగానే ఉంది, కానీ వారం తిరిగేసరికి ఆ సినిమా మరచిపోయాను.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మూడోసారి ఈ సినిమా చూడటానికి కారణం అదే. 2016లో మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వెళ్లాను. తొమ్మిదో తరగతిలో మాతో చదివిన ఒక అమ్మాయి, ఒక ఉదయం ప్రార్థన సమయంలో వేదిక ఎక్కి ప్రతిజ్ఞ చదువుతూ ఒక మాట దగ్గర నత్తిగా ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఆ మాట రాలేదు. వరసలన్నీ నవ్వాయి. ఆ తర్వాత బడి వదిలే వరకూ ఆమెకు ఆ మాటే పేరైపోయింది. నాకు బాగా గుర్తున్నది ఏమిటంటే, ఆ రోజు నేను పెదవి కొరుక్కుని, నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఆ జ్ఞాపకం నాకు కొంత గర్వంగా కూడా ఉండేది. భోజనాల దగ్గర ఆమె నా విస్తరి పక్కనే కూర్చుంది. మాటల్లో ఆ రోజు ప్రస్తావన వస్తే, పెరుగు వడ్డించుకుంటూ, కోపం ఏమాత్రం లేకుండా, ‘నువ్వూ నవ్వావే, రెండో వరసలో నించుని’ అంది. లేదని అనబోయి మానుకున్నాను. ఆమె చూసింది నిజమో, నేను గుర్తుంచుకున్నది నిజమో చెప్పగలిగినవారు ఇప్పుడు ఎవరూ లేరు.

తల్లి పాత్ర గురించి కూడా వాదనలు ఉన్నాయి. 1961 తర్వాత పదిహేనేళ్లు వెండితెరకు దూరంగా ఉండి తిరిగివచ్చిన పైపర్ లారీ, కథ చదివినప్పుడు దీన్ని ఒక వ్యంగ్య హాస్యంగా అనుకున్నానని తర్వాత చెప్పింది. ఆమె నటన శృతి మించిందనేవారికి అదే ఆధారం. నాకు మాత్రం ఆ శృతి మించడమే సరిపోయిందనిపిస్తుంది, ఎందుకంటే ఆ తల్లి కేకలు వేసేటప్పటి కంటే చిరునవ్వుతో ఉన్నప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ చీకటి అరలో ఉన్న విగ్రహాన్ని చాలామంది ఏసుక్రీస్తుది అనుకుంటారు. అది బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్‌ది. చివర్లో కత్తులు ఎగిరి వచ్చి తల్లిని ద్వారానికి గుచ్చి నిలబెట్టినప్పుడు ఆమె సరిగ్గా ఆ విగ్రహంలాగే ఉంటుంది.

ఈ సినిమా విజయం చూసి వచ్చిన అనుకరణల్లో 1978 నాటి ‘జెనిఫర్’ ఒకటి. సంపన్నుల పిల్లలు చదివే బడిలో పేద అమ్మాయి, ఆమె మాట వినే పాములు. నాగదేవత సినిమాలతో పెరిగిన మనకు అది భయం కంటే చుట్టరికమే కలిగిస్తుంది.

మరి ఇప్పుడు భయం వేస్తుందా అన్నారు. రక్తం, మంటలు, రెండు ముక్కలుగా చీల్చి చూపించే తెర, ఇవి నేటి కళ్లకు పాతబడ్డాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు నాతో కలిసి చూస్తూ, మధ్యలో రెండుసార్లు ఫోన్ తీసింది. చిట్టచివర, తెల్లని దుస్తుల్లో స్యూ, క్యారీ సమాధి దగ్గరికి పూలు తెచ్చే కల దగ్గర మాత్రం ఫోన్ సోఫా కింద పడిపోయింది. ఆ నడకను వెనక్కి నడిపించి తీసి, తెర మీద తిరగేసి చూపించారు. జాగ్రత్తగా గమనిస్తే దూరాన వీధిలో ఒక కారు వెనక్కి పోతూ కనబడుతుంది. ఆ కలలో రాళ్లలోంచి లేచి స్యూను పట్టుకునే చెయ్యి కూడా స్పేసెక్‌దే, మరొకరిని పెట్టనివ్వకుండా తానే మట్టి కిందికి వెళ్లింది.

చూడాలనుకుంటే అసలు గొంతులతో, ఉపశీర్షికలు పెట్టుకుని, పీనో డొనాజియో సంగీతం స్పష్టంగా వినబడేలా చూడండి. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలతో అయితే ముందు మీరు ఒక్కరే చూసి తర్వాత నిర్ణయించుకోండి.

మా అమ్మాయి ఆ రాత్రి సినిమా అయ్యాక పడుకోలేదు. ప్రామ్ ఘట్టానికి వెనక్కి వెళ్లి, బకెట్ పడిన తర్వాతి క్షణాలను ఆపి ఆపి చూస్తూ ఒక్కో ముఖాన్నీ లెక్కపెట్టింది. ‘టీచర్ ఇక్కడ నవ్వట్లేదమ్మా, ఇదిగో ఇక్కడ నవ్వుతోంది’ అని రెండు చోట్ల ఆపి చూపించింది. మొదటిది ఎవరికి కనబడింది, రెండోది ఎవరికి కనబడింది అని అడిగాను. జవాబు చెప్పకుండా మళ్లీ వెనక్కి తిప్పింది.