మెదడులో రక్తస్రావమై ఐసీయూలో ఉన్నవారికి టీ3 తక్కువగా వస్తే థైరాయిడ్ జబ్బు వచ్చినట్టేనా?

చాలామందిలో కాదు, ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు హార్మోన్లలో వచ్చే తాత్కాలిక మార్పు అది.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసే హార్మోన్ టీ4. కణాల్లో అసలు పని చేసేది మాత్రం టీ3. కాలేయం, కిడ్నీల లాంటి చోట్ల టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువు ఊడితే టీ3 తయారవుతుంది. మెదడులో రక్తనాళం చిట్లాక (జనం నరం చిట్లిందంటారు గానీ చిట్లేది రక్తనాళమే) స్ట్రెస్ హార్మోన్లు, వాపు పుట్టించే రసాయనాలు పెరిగి ఈ మార్పిడి మందగిస్తుంది. పనికిరాని రివర్స్ టీ3 రక్తంలో పెరుగుతుంది. మామూలుగా అయితే హార్మోన్ తగ్గగానే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్) పెరగాలి. ఇక్కడ మెదడు కూడా ఆ సంకేతాన్ని అణచేస్తుంది. ఐసీయూలో ఇచ్చే డోపమిన్, స్టెరాయిడ్లు దాన్ని ఇంకా తగ్గిస్తాయి.

ఉదాహరణకు రిపోర్టులో టీ3 55 (నార్మల్ సుమారు 80–200), టీ4 నార్మల్, టీఎస్‌హెచ్ 1.4 (ఇదీ నార్మలే) ఉన్నాయనుకోండి. గ్రంథే దెబ్బతింటే టీఎస్‌హెచ్ అలా 1.4 దగ్గర కూర్చోదు, బాగా పెరుగుతుంది. కోలుకునేటప్పుడు అది కొన్నాళ్లు నార్మల్ దాటొచ్చు కూడా. అందుకే కోలుకున్నాక, కనీసం ఆరు వారాలు ఆగి మళ్లీ టెస్టు చేయిస్తారు.

టీ3 తగ్గింది కాబట్టి థైరాయిడ్ మాత్ర వేస్తే త్వరగా లేస్తారన్నది అపోహ. టీ3 బాగా పడిపోవడం జబ్బు తీవ్రతకు గుర్తు, కారణం కాదు. అయితే ముందునుంచీ థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారి సంగతి వేరు, వాళ్లకు దాన్ని ఆపకూడదు. ఆ విషయం ఐసీయూ డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి.