అమ్మ బీపీ మాత్ర మీరు వేసుకోవద్దు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పలాస దగ్గర పల్లెటూరు, జీడిపప్పు పనికి వెళ్తాను. అమ్మమ్మకు, అమ్మకు, మేనమామకు బీపీ ఉంది. నాన్నకు లేదు, ఆయన ఎప్పుడూ ఆసుపత్రికి వెళ్లలేదు. నాకు రెండుసార్లు 160/100 చూపించింది. తలనొప్పి వచ్చిన రోజు అమ్మ వాడే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుంటాను. మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) డీఎన్‌ఏలో లోపం వల్ల తల్లి నుంచి బీపీ వస్తుందని చదివాను. ఆ టెస్టు చేయించుకోవాలా? రెండో బిడ్డ కోసం చూస్తున్నాం.

డాక్టర్ సలహా: అమ్మా, టెస్టు సంగతి తర్వాత. ముందు ఆ టెల్మిసార్టాన్ మానేయండి. గర్భం వస్తే అది కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీయగలదు. నెల తప్పి ఉంటే ఇవాళే పరీక్ష చేసుకోండి. మందే వద్దని కాదు, గర్భంలో వాడదగ్గ బీపీ మందులు వేరే ఉన్నాయి. ఏది, ఎంత అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఈ వారం దాటనివ్వకండి.

రెండోది డైక్లోఫెనాక్. నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. ఉద్దానం పక్కన ఉంటూ ఇంత ధైర్యంగా ఎలా వేసుకుంటున్నారమ్మా? అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి చోట ఉన్నవాళ్లు కిడ్నీల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కాళ్లు వాచలేదు, మూత్రం బాగానే వస్తోంది అని నమ్ముకోవద్దు. కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా ఏమీ తెలియకపోవచ్చు. ముప్పై దాటగానే ఇంత బీపీ అంటే వంశం ఒక్కటే కారణమని వదిలేయలేం. క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, పొటాషియం, థైరాయిడ్, కిడ్నీల స్కానింగ్ చేయించండి.

ఇక మీరు అడిగింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, నిజమే. మీ మేనమామకూ అమ్మమ్మ నుంచి వస్తుంది, ఆయన పిల్లలకు మాత్రం ఆయన నుంచి వెళ్లదు. 2004లో అమెరికాలో ఒక పెద్ద కుటుంబంలో ఇలాంటి లోపం బయటపడింది. తల్లి వైపు వాళ్లలో కొందరికి బీపీ, కొందరికి కొలెస్ట్రాల్, కొందరికి రక్తంలో మెగ్నీషియం తక్కువ. కానీ అలాంటి కుటుంబాలు అరుదు. మామూలు బీపీలో తల్లీతండ్రీ ఇద్దరి వైపు నుంచీ ఎన్నో జన్యువులు కొద్దికొద్దిగా పనిచేస్తాయి, ఉప్పు, బరువు తోడవుతాయి. తల్లి వైపు చిన్న వయసులోనే షుగర్, చెవుడు, కండరాల నీరసం ఉన్నవాళ్లుంటే డాక్టర్‌కు చెప్పండి, అప్పుడు ఆ టెస్టు ఆలోచించవచ్చు. ప్రస్తుతానికి మెగ్నీషియం చూపించుకుంటే చాలు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు వాడిన మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి, నొప్పి బిళ్లలవి కూడా. నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. ఒక్కసారీ చూపించుకోకుండా ఆయనకు బీపీ లేదని ఎలా అనుకుంటాం?