మీ ప్రశ్న – మా జవాబు: ఫోమ్ నమూనాకు నునుపు తెప్పించడం ఎలా?

ప్రశ్న: చేపల చెరువులో మేత వేయడానికి వాడే చిన్న ఫైబర్ పడవలకు సొంతంగా అచ్చు చేసుకుందామని థర్మాకోల్‌తో నమూనా చెక్కి, పాలిస్టర్ రెజిన్ పూస్తే అది గుంటలు పడి కుంగిపోయింది. ఇప్పుడు పీయూ (పాలీయురెథేన్) ఫోమ్‌తో మళ్ళీ చెక్కాము గాని, ఎంత పుట్టీ పెట్టి రుద్దినా పైభాగం అలలు అలలుగానే ఉంటోంది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం థర్మాకోల్‌ను కరిగించివేస్తుంది. పీయూ ఫోమ్‌కు ఆ భయం లేదు కనుక మీ రెండో ఎంపిక సరైనదే. అలలకు కారణం వేరు. పుట్టీ గట్టిది, ఫోమ్ మెత్తనిది. రెండూ పక్కపక్కన ఉన్నచోట గరుకు కాగితం పెట్టి రుద్దితే ఫోమ్ ముందుగా అరిగిపోయి పుట్టీ మెట్టలుగా నిలుస్తుంది, ఆ పల్లాలను మళ్ళీ పుట్టీతో నింపితే అదే కథ మరో చోట మొదలవుతుంది. ఫోమ్ నుంచి ఆకారాన్నే ఆశించాలి. నునుపు దానిపై వేసే గట్టి పొర నుంచి రావాలి.

అందుకని ఉన్న పుట్టీని తీసివేసి, పైన వేసే పొరల మందానికి చోటుండేలా అన్ని వైపులా ఫోమ్‌ను 2-3 మి.మీ. తగ్గించండి. ఎపాక్సీ రెజిన్‌లో మైక్రోబెలూన్ల (లోపల బోలుగా ఉండే అతి సన్నని గోళీల) పొడి కలిపి, రబ్బరు పలకతో రంధ్రాల్లోకి దిగేలా లాగి, అది ఆరకముందే చదరపు మీటరుకు 200 గ్రాముల గ్లాస్ గుడ్డను రెండు పొరలు వేయండి. ఎండెక్కే వేళ ఈ పని పెట్టుకుంటే ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి రెజిన్‌లో బుడగలు లేపుతుంది కాబట్టి సాయంత్రం చేయడం మేలు. అయితే డెల్టాలో సాయంత్రపు తేమకు ఎపాక్సీపై జిడ్డుపొర ఏర్పడవచ్చు. గట్టిపడ్డాక నీళ్లతో కడిగి తుడిచిన తరువాతే రుద్దాలి, లేకుంటే పైపూత సరిగా అంటుకోదు.

ఆపైన పుట్టీని అక్కడక్కడా కాక ఉపరితలమంతటా పరచి, వంగే పొడవాటి పలకకు 80 నంబరు కాగితం అంటించి ఏటవాలుగా రెండు దిశల్లో రుద్దండి. అరచేత్తో పట్టుకుని రుద్దితే చెయ్యి పల్లంలోకి కూడా దిగిపోతుంది. నల్లరంగును పల్చగా స్ప్రే చేసి మళ్ళీ రుద్దితే, నలుపు మిగిలినచోటల్లా పల్లమే. ఈ దశలో తొందరపడితే ఆ లోపం అచ్చులోకి, అచ్చు నుంచి పుట్టే ప్రతి పడవలోకి వెళుతుంది.

తరువాతి పని సులభం: 120, 220 నంబర్లు, టూ-ప్యాక్ (గట్టిపరిచే ద్రవం కలిపి వాడే) ప్రైమర్, పిదప 400 నుంచి 1000 వరకు తడి వాటర్ పేపర్. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్ మాత్రం వద్దు, అచ్చుకు మొదటి పొరగా వేసే జెల్‌కోట్‌లోని స్టైరీన్‌కు అది ముడతలు పడుతుంది. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాకే ముందుకు సాగి, అచ్చు అంటుకోకుండా చేసే రిలీజ్ వ్యాక్స్ 5-6 పూతలు మెరుగుపెట్టి, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) పూత బాగా ఆరనిచ్చి జెల్‌కోట్ వేయండి. పక్కలు రెండు మూడు డిగ్రీలైనా బయటికి వాలి లేకపోతే ఎంత వ్యాక్స్ పెట్టినా నమూనా అచ్చు నుంచి ఊడిరాదు.

ప్రశ్న: థర్మాకోల్ కోసే వేడి తీగతో పీయూ ఫోమ్‌ను కోయవచ్చా? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కోయకూడదు. వేడికి దాని నుంచి హైడ్రోజన్ సయనైడ్, ఐసోసయనేట్ల వంటి విషవాయువులు వెలువడతాయి. సన్నపళ్ల రంపంతో కోసి, ముతక కాగితంతో ఆకారం తీయండి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గాలి బాగా ఆడుతుందని చెరువు గట్టున కూర్చుని రుద్దేవారూ ఉన్నారు. ఆ పొడి నీటిపై తేలి చేపల మేతలో కలుస్తుంది కనుక ఆ పని షెడ్డులోనే చేసి, పొడిని సంచిలోకి ఎత్తండి.