బంతి విరగబూసిందంటే మట్టి మంచిదైనట్టేనా?

ఫ్యాక్టరీల పక్కన ఇల్లు కట్టుకున్నామని రాశారు. మట్టిలో సీసం, కాడ్మియం వంటి విషలోహాలు ఉంటే పూలమొక్కలు చచ్చిపోతాయా, బాగా పూస్తుంటే ఇక భయం లేనట్టేనా అని అడిగారు. చావవు, పూస్తాయి. చాలాసార్లు చూడముచ్చటగా పూస్తాయి. ఆ పూలు చూసి మనుషులు ధైర్యం తెచ్చుకోవడమే నా భయం.

మాది హైదరాబాద్‌లో కాటేదాన్ వైపు. ఆ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ వంటివి ఎక్కువగా ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. మా వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. అది మూతపడ్డాక ఆ జాగా పాడుబడి ఉంటే, వీధిలోనే ఉండే రిటైరైన పెద్దాయన ఒకరు చెత్త తీయించి, దసరాకు అందేలా ముద్దబంతి, చామంతి నారు వేయించారు. అదే నారులో మిగిలిన మొక్కలు నేను మా డాబా మీద కుండీల్లో పెట్టుకున్నాను.

బంతి విరగబూసింది. బతుకమ్మకు వీధి ఆడవాళ్లంతా అక్కడే కోసుకున్నారు. ఆ ఉత్సాహంలో పక్కింటి పెద్దమ్మ మిగతా జాగాలో పాలకూర, తోటకూర చల్లింది. "పువ్వు ఇంత మంచిగ పూసింది, కూర ఎందుకు రాదు బిడ్డా?" అంది. కూర కూడా వచ్చింది, ఏపుగా.

నాకు అనుమానం కలిగించింది చామంతి. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి. డాబా మీద చామంతి విచ్చుకుంటుంటే అక్కడ మొగ్గ కూడా కట్టలేదు. దాంతో ఒక బంతి మొక్క పీకి చూశాను. పైన అంత గుబురుగా ఉన్న మొక్కకు కింద వేర్లు పొట్టిగా, కొసలు గోధుమరంగు తిరిగి, పిల్లవేర్లు దాదాపు లేకుండా ఉన్నాయి. డాబా మీది కుండీ బోర్లిస్తే తెల్లటి వేళ్లు కుండీ చుట్టూ అల్లుకుని వచ్చాయి. రెండూ పెద్దమ్మ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసి, అప్పటికే కోసి పెట్టుకున్న పాలకూర కట్ట లోపలి నుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. పొద్దున ఒక కట్ట మనవరాలికి పప్పులో వేసేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో నాకింకా గుర్తే.

జరిగేది ఇదీ. వేరు ఇనుమునీ జింకునీ లోపలికి తీసుకునే దారుల్లోంచే కాడ్మియం కూడా దూరిపోతుంది. ఇనుము అందక ఆకు పాలిపోతుంది. సీసం అంత తేలిగ్గా పైకి ఎక్కదు, చాలావరకు వేరునే పట్టుకుని ఉండిపోతుంది. అందుకే మొదటి దెబ్బ వేరుకు. తట్టుకునే మొక్కలు లోపలికొచ్చిన లోహాన్ని కొన్ని చిన్న ప్రోటీన్ లాంటి పదార్థాలతో కట్టేసి, పనికిరాని సామాను అటకెక్కించినట్టు కణంలోని ఒక సంచిలో దాచేస్తాయి. బంతి ఈ పనిలో దిట్ట. కాబట్టి బంతి పూసిందంటే బంతి తట్టుకుందని మాత్రమే. నన్నడిగితే మట్టి సంగతి చెప్పడంలో బంతి కంటే చామంతి నయం, చామంతి కంటే పీకి చూసిన వేరు నయం.

పరీక్ష చేయిద్దామంటే అదో తిప్పలు. రైతులకు మట్టి పరీక్ష చేసే చోటికి వెళ్తే నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక (పీహెచ్, అంటే మట్టి ఎంత పుల్లగా ఉందో చెప్పే అంకె), మహా అయితే జింకు, ఇనుము చెప్పి పంపిస్తారు. సీసం అడిగితే ప్రైవేటు ల్యాబుకు పొమ్మన్నారు. అక్కడ ఒక్కో లోహానికీ విడిగా డబ్బు కట్టాలి. పారిశ్రామికవాడల చుట్టూ ఇన్ని వేల కుటుంబాలు ఉంటుంటే ఈ పరీక్ష ఉచితంగా ఎందుకు చేయరు? పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కదా! మా మట్టిలో సీసం బాగా ఎక్కువని తేలింది. కూర మొత్తం పీకేశాం.

మన గునుగు సంగతి కూడా చెప్పాలి. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వు మొక్క కాడ్మియాన్ని, మాంగనీసును ఆకుల్లో విపరీతంగా పోగేసుకుంటుందని చైనాలో పరిశోధించి చూపించారు. మా అమ్మ వాళ్ల ఊళ్లో లేత గునుగాకు కూర వండుకుంటారు. చేను గట్టున మొలిచిన గునుగు తినండి, నాకే అభ్యంతరమూ లేదు. ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన మొలిచింది మాత్రం ముట్టకండి.

ఇక "పూలమొక్కలు పెడితే అవే మట్టిని శుభ్రం చేస్తాయి" అని చెప్పేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరులో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 250 కిలోలు తూగుతుంది. కిలోకు 1000 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుంటే మొత్తం 250 గ్రాములు. ఆ స్థలంలో పెరిగే బంతి ఎండాక అరకిలో అనుకుందాం. కిలోకు 100 మిల్లీగ్రాములు పీల్చిందనుకున్నా ఒక పంటకు పోయేది 50 మిల్లీగ్రాములు. అంటే 5000 పంటలు వేయాలి! అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర పొద్దుతిరుగుడు పెట్టారు కదా అంటారు. అక్కడ తీసింది చెరువు నీటిలోని రేడియోధార్మిక సీజియం, స్ట్రాన్షియం. మట్టిని పట్టుకుని కూర్చున్న సీసం వేరే సంగతి.

పూత అయిపోయాక ఎండిన మొక్కలు తగలబెడదామన్నారు పెద్దాయన. నేను ఒప్పుకోలేదు. కాలిస్తే లోహం ఎక్కడికీ పోదు, కొంత పొగలో, మిగతాది బూడిదలో ఉంటుంది. కంపోస్టు గుంతలో వేస్తే మళ్లీ మన కుండీల్లోకే వస్తుంది. పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలకు దుండిగల్‌లో స్థలం ఉంది గానీ, నాలుగిళ్లవాళ్లు కట్టిన గోనెసంచులు తీసుకునే ఏర్పాటు మా వైపు లేదు. ఆ సంచులు చాలాకాలం షెడ్డు గోడ వారన రేకు కిందే ఉన్నాయి.

యూట్యూబ్‌లో మందారానికి, మల్లెకు పటిక నీళ్లు, వెనిగర్ పోయమని చెబుతుంటారు. మీలాంటి చోట ఆ పని అస్సలు చేయకండి. వాటితో మట్టి పుల్లగా మారేకొద్దీ కాడ్మియం, సీసం కరిగి వేరుకు ఎక్కువ అందుతాయి. బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. మట్టి పుల్లగా ఉందని పరీక్షలో తేలితే కొద్దిగా సున్నం కలపండి.

మీ ఇంటి దగ్గర పూలు తప్పకుండా పెంచండి. గన్నేరు, కాగితం పూలు, మధ్యలో గడ్డి, ఎక్కడా ఉత్త మన్ను కనిపించకూడదు. ఎందుకంటే సీసం పిల్లల ఒంట్లోకి చేరేది ఎక్కువగా దుమ్ము వల్ల, చేతులు నోట్లో పెట్టుకోవడం వల్ల. ఆకుకూరలు మాత్రం కుండీల్లోనే వేయండి. ఆ కుండీల్లోకి ట్రాక్టరువాడు తెచ్చిన ఎర్రమట్టి పోసే ముందు, అది ఎక్కడ తవ్వాడో అడిగి తెలుసుకోండి.