నేను కుట్టిన చేతులు

చిన్నీ,

ఫ్యాషన్ విద్యార్థులకి మెంటర్‌గా ఉండి, ఏడాది చివర్లో వాళ్లచేత ర్యాంప్ షో చేయిస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఒక్కో మెంటర్‌కి నలుగురైదుగురు చాలు. బట్టల ఖర్చుకి అందరికీ ఒకటే హద్దు పెట్టు, లేకపోతే డబ్బున్నవాళ్ల పట్టుబట్టల ముందు మిగతావాళ్ల పనితనం కనపడదు. ఫిట్టింగ్ ర్యాంప్ మీద నడిచే మనిషికే చెయ్యి, బొమ్మకి కాదు.

గుండుసూదులు మాత్రం లెక్కపెట్టి ఇవ్వు, లెక్కపెట్టి తీసుకో. నవ్వకు. ఒకసారి తెర వెనక ఒక మోడల్ గబగబా బట్టలు మార్చుకుంటుంటే, ఎవరో మర్చిపోయిన సూది నడుం దగ్గర దిగింది. ఆ పిల్ల మొహం మార్చకుండా ర్యాంప్ చివరిదాకా నడిచి వచ్చింది. లైనింగ్ మీద ఆ ఎర్ర చుక్క ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసే పని కూడా ఒక మనిషికి అప్పగించు. అందరూ చూసుకుంటారులే అంటే ఎవరూ చూడరు.

షోలో ఎవరో ఒకరి కళ్లలో పడతారని పిల్లలకి ఆశ పెట్టకు. 1984లో గాలియానో అనే డిజైనర్ డిగ్రీ కలెక్షన్‌ని లండన్‌లో ఒక షాపు మొత్తంగా కొనేసిందని, 1992లో ఇంకో డిజైనర్ మెక్‌క్వీన్‌ది ఫ్యాషన్ ఎడిటర్ ఇసబెల్లా బ్లో కొనుక్కుందని నేనూ క్లాసులో కథలు చెప్పినదాన్నే. మెక్‌క్వీన్ కాలేజీకి రాకముందే లండన్ దర్జీల వీధి సావిల్ రోలో దర్జీపని నేర్చుకున్నాడన్న ముక్క మాత్రం మింగేసేదాన్ని. షో కాసేపట్లో అయిపోతుంది. అంతకుముందు వాళ్లని నెలల తరబడి కటింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టు. ప్యాటర్న్‌ని, అంటే గుడ్డ కత్తిరించే కాగితం నమూనాని, సైజు నుంచి సైజుకి పెంచడం, ఒక షర్టుకి ఎంత గుడ్డ పడుతుందో లెక్కకట్టడం రావాలి. ఒకరు రాసిన టెక్ ప్యాక్, అంటే బట్ట ఎలా కుట్టాలో కొలతలతో సహా రాసిన కాగితాలు, ఇంకొకరికిచ్చి, ఏమీ అడక్కుండా కుట్టమను. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసినవాళ్లకి పాఠం.

ఇక నా సంగతి. మెంటర్‌గా అది నా రెండో ఏడు. ఒకమ్మాయి కోటు కుట్టింది, కట్ అద్భుతం. షో ముందురోజు రాత్రి మోడల్‌కి తొడిగితే కోటు చెయ్యి ముందుకి రావట్లేదు. ఏది ముందో ఏది వెనకో తెలియడానికి ప్యాటర్న్‌లో చేతికి ముందువైపు ఒక గాటు, వెనకవైపు రెండు పెడతాం కదా. హడావిడిలో అవి చూసుకోకుండా కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు ఎక్కించేసింది. అప్పటికే రెండు రాత్రుళ్లుగా నిద్రలేదేమో, కటింగ్ టేబుల్ కింద గుడ్డల మూట మీద తలపెట్టి పడుకుండిపోయింది. లేపబుద్ధి కాలేదు. నిజం చెప్పనా, జాలి సగమే. నా విద్యార్థి కోటు అలా వెళ్తే నా పరువేం కాను అన్నది మిగతా సగం. నేనే కుట్లు విప్పి, చంక గుండ్రానికి చేతిలో మిగిలే గుడ్డని ముడత రాకుండా సర్దుతూ, రెండు చేతులూ మళ్లీ ఎక్కించాను. తెల్లారేసరికి కోటు భుజం మీద నీళ్లు పోసినట్టు జారింది.

షోలో ఆ కోటుకే ఎక్కువ చప్పట్లు. ఆ అమ్మాయి తెరచాటునుంచి బయటికి రానంది. సిగ్గు అనుకున్నాను.

తర్వాత ఉద్యోగం కోసం ఆ కోటు తీసుకుని వెళ్లింది. వాళ్లు చెయ్యి లోపలివైపు తిరగేసి, "ఇంత శుభ్రంగా ఎలా ఎక్కించావ్?" అని అడిగారట. తను కుట్టలేదని చెప్పేసింది. ఉద్యోగం రాలేదు. నాతో ఒక్క మాటే అంది: "ఆ రాత్రి నన్ను లేపాల్సింది మేడమ్."

తిట్టినా బాగుండేది.

నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు నీ బొమ్మ గౌనుకి నేను గుండీ కుడుతుంటే సూది లాక్కుని ఏడ్చేదానివి. అంత పంతం ఉన్నదానివి, ఇంకొకరి చేతిలో సూది లాక్కోకుండా ఉండటం నీకు కష్టమే. గాటు ఎక్కడుందో వేలితో చూపించు, పక్కన కూర్చో, అంతే. టైమ్ చాలకపోతే బట్టకి చేతులు కుట్టకుండానే ర్యాంప్ మీద నడిపించండి, అదీ ఆ పిల్లనే తేల్చుకోనివ్వు.

షో రోజు నేనూ వస్తాను. సూదులు లెక్కపెట్టే పని నాకియ్యి. మిషన్ దగ్గరికి మాత్రం నన్ను రానివ్వకు.

మీ అత్త